సిగ్నల్ గీతల లెక్కేమిటో చెప్పండి: ట్రాయ్‌కి ఒక సెల్ షాపు నుంచి బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే మనందరం ట్రాయ్ అని పిలుచుకునే సంస్థ అధ్యక్షుల వారికీ, సభ్యులకూ,

నమస్కారమండి.

మార్కాపురం దగ్గర ఒక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా, పద్నాలుగేళ్లుగా సెల్ షాపు నడుపుతున్నాను. రీచార్జీలు, సిమ్ కార్డులు, పగిలిన డిస్‌ప్లేలు మార్చడం, పాత ఫోన్లు కొనడం, అమ్మడం నా పని. నేను ఇంజనీరింగ్ చదవలేదు. కానీ రోజూ ముప్పై నలభై ఫోన్లు నా చేతికి వస్తాయి. వాటిని తెచ్చేవాళ్లలో ఎంతోమంది చెప్పే మాట ఒకటే: "సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు." ఆ మాట గురించే మీకు రాస్తున్నాను.

పోయిన వేసవిలో నాలుగు కిలోమీటర్ల అవతల పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. రాత్రి పూట వీడియో కాల్ చేస్తాడు. "వాడి మొహం కనపడినట్టే కనపడి ఆగిపోతాంది నాయనా. సిగ్నలు నిండా ఉంది, మరి ఫోనే కదా చెడిపోయింది?" అని అడిగింది. షాపులో పెట్టి చూస్తే కాల్ బాగానే పోయింది. ఫోన్ పాతది, స్టోరేజీ నిండిపోయి ఉంది. అదే కారణం అనుకుని ఎనిమిదిన్నర వేలకు కొత్త ఫోన్ ఇచ్చాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. అదే కథ.

ఆ రాత్రి షాపు కట్టేసి బండి మీద వాళ్ల ఊరు వెళ్లాను. పైన రేకులు, చుట్టూ మందపాటి రాతి గోడలు. లోపల మంచం మీద కూర్చుని చూస్తే నాలుగు గీతల్లో మూడు వెలుగుతున్నాయి. చూసినవాళ్లెవరైనా సిగ్నల్ బాగుందనే అంటారు. సెట్టింగ్స్ లోపలికి వెళ్లి సిగ్నల్ బలం చెప్పే అసలు అంకె తీశాను: మైనస్ 106. (మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం, ఆ లెక్క కింద చెబుతాను.) నాణ్యత చెప్పే అంకె ఇంకా ఘోరం, సున్నా కంటే కిందికి, మైనస్ 1. ఫోన్ పట్టుకుని వాకిట్లో వేపచెట్టు కిందికి వచ్చాను. మైనస్ 95, నాణ్యత 7. అక్కడ నిలబడి కొడుక్కి కాల్ చేస్తే పావుగంట మాట్లాడింది, ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్త ఫోన్ వెనక్కి తీసుకుని డబ్బులిచ్చేశాను. ఆమె పాత ఫోన్‌కి ఏ జబ్బూ లేదు. నేను ముందే ఆ ఇంటికి వెళ్లి అంకె చూసి ఉంటే ఆమె రెండుసార్లు ఆటో ఎక్కి వచ్చేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అయ్యా, ఆ గీతలు కొలత కాదు. మా వైపు కొందరు పాయింట్లంటారు, కొందరు పుల్లలంటారు. ఏమన్నా సరే, నాలుగు గీతలకు ఇంత సిగ్నల్ ఉండాలని అన్ని ఫోన్లకూ వర్తించే ప్రమాణం ఏదీ లేదు. ఫోన్ తయారుచేసేవాడు తన ఇష్టప్రకారం హద్దులు పెట్టుకోవచ్చు, నెట్‌వర్క్ కంపెనీ తన హద్దులు ఇవ్వచ్చు. గూగుల్ అందరికీ ఇచ్చే మూల ఆండ్రాయిడ్ కోడ్‌లో 4జీకి మామూలుగా ఉండే హద్దులు మైనస్ 128, మైనస్ 118, మైనస్ 108, మైనస్ 98. అంటే మైనస్ 98, లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే చాలు, గీతలన్నీ నిండిపోతాయి. టవర్ పక్కనే నిలబడి మైనస్ 57 ఉన్నా అవే గీతలు, ఎక్కడో దూరాన మైనస్ 97 ఉన్నా అవే గీతలు. ఈ రెండింటి మధ్య తేడా పదివేల రెట్లు. ఇద్దరి ఫోన్ల మీదా బొమ్మ మాత్రం ఒకటే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు చేత్తో పట్టుకుంటే గీతలు పడిపోతున్నాయని పెద్ద గొడవైంది. అప్పుడు యాపిల్ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది, గీతలు లెక్కగట్టే సూత్రం తప్పుగా ఉందని, రెండు చూపించాల్సిన చోట నాలుగు చూపిస్తున్నామని. తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి ఆ లెక్క మార్చారు. ఆండ్రాయిడ్‌లో కూడా నెట్‌వర్క్ కంపెనీ కోరితే ఒక గీత అదనంగా చూపించే సెట్టింగ్ ఒకటి కోడ్‌లోనే ఉంది. మన దేశంలో ఫలానా కంపెనీ అది వాడుతోందని నేను అనడం లేదు. అలాంటి మీట ఉందనీ, అది నొక్కారో లేదో ఫోన్ కొనేవాడికి తెలిసే దారి లేదనీ అంటున్నాను. కిరాణా కొట్టు త్రాసుకు ముద్ర వేయించాలి, పెట్రోల్ బంకు మీటరుకు సీలు వేయించాలి. వంద కోట్లకు పైగా మొబైల్ కనెక్షన్లున్న దేశంలో, జనం జేబులో పెట్టుకు తిరిగే ఈ మీటరుకు మాత్రం ముద్ర లేదు.

అసలు అంకె ఏమిటో మా కస్టమర్లకు ఎలా చెబుతానో మీకూ చెబుతాను, ఎందుకంటే ఇది సామాన్యుడికి అర్థం కాదని కొందరు అంటారు. అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను.

సిగ్నల్‌ని డీబీఎంలలో కొలుస్తారు. ఒక మిల్లీవాట్ శక్తిని సున్నా అనుకుని అక్కడి నుంచి లెక్క. ఫోన్‌కి అందేది అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 100 అంటే మిల్లీవాట్‌లో వెయ్యి కోట్లవ వంతు. అంత చిన్న శక్తిని పట్టుకుని ఫోన్ మాటా బొమ్మా తయారు చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రతి పదికీ పది రెట్లు తేడా, ప్రతి మూడుకీ దాదాపు సగం. మైనస్ 90 నుంచి మైనస్ 110కి పడితే ఇరవై తగ్గినట్టు కాదు, వంద రెట్లు తగ్గినట్టు. మైనస్ ఉంటే 110 పెద్దదా 90 పెద్దదా అని జనం తికమకపడతారు. "అప్పు అనుకోండి" అంటాను. తొంభై అప్పున్నవాడు నూటపది అప్పున్నవాడి కంటే నయం కదా. ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది.

4జీలో ఈ బలం అంకె పేరు ఆర్‌ఎస్‌ఆర్‌పీ. టవర్ ఎప్పుడూ పంపుతుండే గుర్తు సంకేతం ఒకటి ఉంటుంది, అది మన దాకా ఎంత బలంగా వచ్చిందన్నది ఈ లెక్క. మైనస్ 80, 85 ఉంటే నిశ్చింత. మైనస్ 100 దాకా పని నడుస్తుంది. మైనస్ 110 కంటే కిందికి పడితే టెన్షన్ మొదలవుతుంది. మైనస్ 120 దగ్గర ఫోన్ కొన ఊపిరితో ఉన్నట్టే. ఇవి ఈ రంగంలో పనిచేసేవాళ్లు మామూలుగా వాడే హద్దులు, అటూ ఇటూ కొద్దిగా.

కానీ బలం ఒక్కటే చాలదు. పెద్దమ్మ ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెళ్లిపందిట్లో మైకు పక్కనే కూర్చున్నారనుకోండి. శబ్దానికి తక్కువేమీ ఉండదు. కానీ పక్కనే బ్యాండుమేళం మోగుతుంటే మైకులో పిలిచింది మీ పేరో, వేరేవాళ్ల పేరో తెలియదు. శబ్దం ఎంత గట్టిగా వచ్చిందన్నది ఒకటి, అందులో మాట ఎంత తెలిసిందన్నది వేరొకటి. ఆ రెండోదాన్ని చెప్పే అంకె ఎస్‌ఐఎన్‌ఆర్. మన టవర్ మాటకూ, చుట్టుపక్కల టవర్ల రొదకూ మధ్య ఎంత తేడా ఉందో చెబుతుంది. ఇరవై దాటితే చాలా బాగున్నట్టు. పది ఉన్నా హాయిగా సరిపోతుంది. సున్నా అంటే మాటా రొదా సమానం. సున్నా కిందికి వెళ్లిందంటే రొదే ఎక్కువ. మామూలు ఆండ్రాయిడ్ లెక్కలో 4జీ గీతలు ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఒక్కదాన్ని చూసే వెలుగుతాయి. రొద ఎంతున్నా గీతలకు పట్టదు.

మూడో అంకె ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ. ఫోన్‌కి మొత్తంగా అందే శక్తిలో మన టవర్ గుర్తు సంకేతం వాటా ఎంతో చెబుతుంది. మైనస్ 10 లోపు ఉంటే మంచిది, మైనస్ 15 కంటే కిందికి పడితే రద్దీయో, పక్క టవర్ల గోలో ఉందని అర్థం. నాకు దీని మీద ప్రత్యేకమైన ఇష్టం. ఎందుకంటే ఇది మా ఊరి సాయంత్రాన్ని చూపిస్తుంది.

పెద్దమ్మ సంగతి తర్వాత కౌంటర్ మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. ఒకే ఫోన్, ఒకే సిమ్, క్యాష్ పెట్టె పక్కన ఒకే చోటు. పొద్దున షాపు తీయగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి అంకెలు రాస్తాను. పొద్దున తొమ్మిదికి ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 97, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మైనస్ 9, ఎస్‌ఐఎన్‌ఆర్ 12 అలా ఉంటాయి. రాత్రికి ఆర్‌ఎస్‌ఆర్‌పీ అదే మైనస్ 97. టవర్ ఎక్కడికీ పోలేదు, షాపూ పోలేదు, బలం మారదు. ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మాత్రం మైనస్ 15, 16కి పడిపోతుంది, ఎస్‌ఐఎన్‌ఆర్ ఒకటో రెండో ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే నా కౌంటర్ ముందు నలుగురు యూపీఐ కొట్టి నిలబడి ఉంటారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. డబ్బు పోయిందా లేదా అని వాళ్లకు భయం, వచ్చిందా లేదా అని నాకు భయం. గీతలు పొద్దున నాలుగు, రాత్రీ నాలుగే.

ఇక గోడల సంగతి. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వేగం ఇస్తుంది కానీ గోడ దగ్గర నీరసపడుతుంది. 850 మెగాహెర్ట్జ్ మీద ఉన్న ఫోనూ, 2300 మీద ఉన్న ఫోనూ ఒకే ఇంట్లో ఒకేలా పనిచేయవు. 5జీకి ఎక్కువగా వాడే 3300 బ్యాండు ఇంకా సుకుమారం. రేకుల షెడ్డయితే చెప్పనే అక్కర్లేదు. పైన 5జీ అని అక్షరాలు కనబడతాయి, లోపల ఫోన్ చాలాసార్లు 4జీ కొమ్మ పట్టుకునే వేలాడుతుంటుంది.

సిగ్నల్ సన్నగా ఉంటే నష్టం నెట్‌కి మాత్రమే కాదు. టవర్‌కి వినబడాలని ఫోన్ తన గొంతు పెంచుతుంది. 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపే శక్తి మామూలుగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. మంచి సిగ్నల్ ఉన్నచోట అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ శక్తితోనే పని జరిగిపోతుంది. లేనిచోట రోజంతా అరుస్తూనే ఉంటుంది. అందుకే "మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, వెనక వేడెక్కుతోంది, బ్యాటరీ మార్చన్నా" అంటూ వస్తారు. బ్యాటరీ మార్చి డబ్బు తీసుకోవడం నాకు తేలిక. ఇప్పుడు ముందు ఏ ఊరో, ఏ ఇంట్లో ఉంటారో అడుగుతున్నాను. టవర్ పెడితే జబ్బులొస్తాయని ఊళ్లో అడ్డుపడే పెద్దమనుషులతో కూడా ఇదే చెబుతాను. టవర్ల రేడియేషన్‌కి 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో ఉన్న పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. టవర్ దూరమైన కొద్దీ చెవి దగ్గర పెట్టుకున్న ఫోనే గట్టిగా అరవాల్సి వస్తుంది.

అయ్యా, ఇన్ని అంకెలు తెలిసి కూడా నేను ఒక్క ఫిర్యాదు గెలవలేకపోయాను. ఒక నెట్‌వర్క్ కంపెనీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటి ప్రశ్న: "సర్, మీ ఫోన్‌లో ఎన్ని గీతలు చూపిస్తోంది?" నాలుగన్నాను. "అయితే నెట్‌వర్క్ బాగుంది సర్, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." నేను ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మైనస్ 16, ఎస్‌ఐఎన్‌ఆర్ ఒకటి, సమయం రాత్రి ఎనిమిదిన్నర అని చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, తప్పు ఆమెది కాదు. ఆమె ముందున్న స్క్రీన్ మీద ఆ అంకెలు రాసుకోవడానికి గడే లేదట. మూడో రోజు మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది." ఆ రాత్రి నోటుపుస్తకంలో అంకెలు అవే ఉన్నాయి.

మీరు ఏమీ చేయడం లేదని నేను అనను. 2016లోనే మైస్పీడ్ యాప్ తెచ్చారు. నేను వాడుతున్నాను, మా షాపుకొచ్చే పిల్లల చేత వేయిస్తున్నాను. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన సేవా నాణ్యత నియమాలు చదివాను. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలన్నారు. ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి లేకపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలన్నారు. మంచి నియమం. కానీ మా బాధ ఆ కోవలోకి రాదు. మాకు నెట్‌వర్క్ ఎప్పుడూ పోదు. ఎప్పుడూ సరిగ్గానూ ఉండదు. పైగా మీ లెక్కల్లో ఆంధ్ర సర్కిల్ అంటే ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపే. హైదరాబాదు, విజయవాడ, విశాఖల పక్కన కూర్చోబెట్టి సగటు తీస్తే మా పల్లె లోటు ఎవరికి కనబడుతుంది? మీ బృందాలు కార్లలో తిరిగి చేసే డ్రైవ్ టెస్టులు కూడా చూశాను. రోడ్ల మీద కొలవాలి, సరే. కానీ మా జనం ఫోన్ మాట్లాడేది రేకుల కింద, స్లాబు కింద, గోడల మధ్య.

2024లోనే భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నియమాలు కూడా తెచ్చారు. నాకు చాలా నచ్చింది. అపార్ట్‌మెంట్ కొనేవాడికి లోపల సిగ్నల్ ఎలా ఉంటుందో ముందే తెలియాలి. కోటి రూపాయలు పెట్టి ఫ్లాట్ కొనేవాడికి దక్కాల్సిన ఆ సమాచారమే, నెలనెలా రీచార్జి చేసే పెద్దమ్మకూ దక్కాలని అడుగుతున్నాను.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. అంకె ఇప్పటికే ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ అంటూ మూడు తలుపులు దాటి వెళితే "మైనస్ 97 డీబీఎం 43 ఏఎస్‌యూ" అని ఒక మూల రాసి ఉంటుంది. ఆ 43 ఏమిటో ఎవరూ చెప్పరు. 4జీలో 140 లోంచి 97 తీసేస్తే వచ్చేదే అది. కొన్ని ఫోన్లలో *#*#4636#*#* కొడితే ఇంకొన్ని అంకెలు వస్తాయి, ఐఫోన్‌లో *3001#12345#* కొట్టాలి. దాచి ఉంచిన ఆ అంకెను బయటికి తెమ్మంటున్నాను. సంబంధిత శాఖలతో మాట్లాడి, మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ గీతల మీద వేలు పెడితే బలం, నాణ్యత రెండు అంకెలూ కనబడేలా చేయండి. పక్కన "బాగుంది", "పరవాలేదు", "బాగోలేదు" అని మన భాషల్లో రాయించండి. ఏ అంకెకు ఏ మాటో, ఏ అంకెకు ఎన్ని గీతలో మీరే నిర్ణయించి అన్ని ఫోన్లకూ ఒకటే చేయండి. గీతల లెక్కలో నాణ్యత కూడా చేరాలి. లేకపోతే అది రాత్రి ఎనిమిదిన్నరకు నిజం చెప్పదు.

కస్టమర్ కేర్ స్క్రీన్ మీద ఆ గడి పెట్టించండి. నేను చెప్పిన అంకె, చెప్పిన వేళ, చెప్పిన చోటు ఫిర్యాదు నంబరుతో పాటు నమోదు కావాలి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ పంపేముందు అదే వేళకు ఆ టవర్ మీద రద్దీ ఎంతుందో చూసి, అది కూడా ఆ మెసేజ్‌లో రాయాలి. అప్పీలుకు వెళ్లినప్పుడు కూడా అవే అంకెలు ఆధారంగా తీసుకోవాలి. కవరేజీ మ్యాపు మీద మా ఊరి చోట వేలు పెడితే రంగు ఒక్కటే కనిపిస్తే చాలదు. ఆరుబయట ఎంత, ఇంట్లో ఎంత, సాయంత్రం ఎంత అన్న అంకెలు కావాలి.

నా నోటుపుస్తకం ఏడు నెలలది. జిరాక్స్ తీయించి మీ హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి పోస్టు చేస్తున్నాను. మీ బృందం ఎప్పుడైనా ఈ వైపు వస్తే ఒక్కసారి సాయంత్రం రమ్మనండి. పెద్దమ్మ ఇంటికి నేనే తీసుకెళతాను. మీ మీటరు ఆ మంచం మీద పెట్టి చూడండి, తర్వాత వేపచెట్టు కింద పెట్టి చూడండి. ఆమె ఇప్పటికీ రాత్రి పూట కుర్చీ వాకిట్లోకి తెచ్చుకుని కొడుకుతో మాట్లాడుతోంది. వానాకాలంలో కష్టంగా ఉందట.

ఇట్లు,
ఒక సెల్ షాపు యజమాని,
మార్కాపురం ప్రాంతం

ఉత్తరం రాయడం ముగించేసరికి కౌంటర్ దగ్గర అంకెలు, రాత్రి 8:40: ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 97. ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మైనస్ 16. ఎస్‌ఐఎన్‌ఆర్ 1. గీతలు నాలుగు.